ఇనుప బురదకు పటిక వైద్యం: శివారు కాలువకు మేలెంత, ముప్పెంత?

అమలాపురం: జూలైలో గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే బొబ్బర్లంక దగ్గర కాలువలోకి దిగిన నీరు లొల్ల లాకులు దాటి రాజోలు శివారు వరకు ఎర్రగానే పారుతుంది. వీధి కుళాయిలు రాని రోజుల్లో కాలువ రేవు నుంచి తెచ్చిన ఆ నీటిని ఇల్లాళ్లు ఉన్నది ఉన్నట్టు వాడేవారు కాదు. బిందె లోపల చిల్లగింజ అరగదీసో, పటిక ముక్క నాలుగు చుట్లు తిప్పో రాత్రికి వదిలేసేవారు. తెల్లవారేసరికి బురద అడుగుకు దిగి పైన తేటనీరు నిలిచేది. రక్షిత మంచినీటి పథకాల చెరువుల వద్ద ఇప్పటికీ జరిగే పని ఇదే. గింజ పోయి పటిక బస్తా వచ్చింది, అంతే.

గోదావరికి ఎగువన బస్తరు కొండల్లో ఇనుప ఖనిజం తవ్వేవారికి కూడా సరిగ్గా ఇదే అవసరం పడింది. తేడా ఒక్కటే. ఇల్లాలికి కావలసింది పైన తేరిన నీరు. గనివారికి కావలసింది అడుగుకు దిగిన మెత్తని ఖనిజం. దానిలోని నీటిని చివరి బొట్టు వరకు పిండితేగాని అది ఫ్యాక్టరీకి పనికిరాదు. ఆ పిండే పనిలో సాయానికి రకరకాల మందులు వాడుతున్నారు. ఇంచుమించు అదే జాతి మందులు చమురు బావుల బురద నుంచి నీరు విడదీయడానికి కూడా వాడకంలో ఉన్నాయి. ఎగువన ఖనిజం, దిగువన చమురు బావులు, నడుమ ఒకే గోదావరి. కనుక ఈ మందుల సంగతి కోనసీమ రైతుకు దూరపు కబురు కాదు.

బైలడిల్లా కొండల కడుగునీరు

ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో బైలడిల్లా కొండలున్నాయి. 1968లో కిరండూల్ వద్ద, 1977లో బచేలీ వద్ద జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ (ఎన్.ఎం.డి.సి.) గనులు నడవడం మొదలైంది. జపాను ఉక్కు మిల్లులకు ఖనిజం పంపడానికి కొండలను తొలిచి కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం వేశారు. పిండిచేసి కడిగి జల్లెడ పట్టినప్పుడు గడ్డలు ఒకవైపు, గులక మరొకవైపు పోగా, మెత్తని పొడి నీటితో కలిసి ఎర్రని రొంపిగా మిగులుతుంది. ఈ రొంపి వల్ల శంఖినీ నది ఎర్రబడిందన్న మాట దశాబ్దాలుగా అక్కడి ఆదివాసీ గ్రామాల్లో ఉన్నదే. శంఖిని దంతెవాడ వద్ద డంకినితో కలుస్తుంది. ఆ నీరు ఇంద్రావతిలోకి, ఇంద్రావతి గోదావరిలోకి చేరుతుంది.

అయితే జూలై ఎర్రనీటికంతటికీ బైలడిల్లాయే కారణమనుకోవడం పొరపాటు. కొండ మీద ఒక్క గునపం దెబ్బ పడకముందు, కాటన్ దొర 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టకముందు కూడా గోదావరి వరద ఎర్రగానే వచ్చింది. లంకలు తేలింది ఆ ఒండ్రుతోనే. అంత పెద్ద నదిలో గని పొడి వాటా కొద్దిపాటిదే. నీటి రంగు చూసి భయపడనక్కరలేదు. రంగు లేని నీటి సంగతే అసలు చూడవలసింది. దాని ప్రస్తావన కిందికి వస్తుంది.

ఒకప్పుడు ఈ మెత్తని పొడిని ఎవరూ లెక్కచేసేవారు కాదు. గడ్డ ఖనిజం తరిగి, దానికి గిరాకీ పెరిగేసరికి పొడికి కూడా విలువ వచ్చింది. పొడిని ఉండలుగా చుట్టి కాల్చి కొలిమికి పంపే విధానం వ్యాపించింది. ఎస్సార్ సంస్థ కిరండూల్ నుంచి విశాఖపట్నం వరకు 267 కిలోమీటర్ల గొట్టం వేసి, ఖనిజాన్ని నీటిలో కలిపి పంపింగ్ చేయడం ప్రారంభించింది. ఏడాదికి 80 లక్షల టన్నులు దాని సామర్థ్యం. 2009లో మల్కన్‌గిరి అడవుల్లో మావోయిస్టులు దెబ్బతీయడంతో కొంతకాలం ఆగింది. 2019లో ఎస్సార్ ఉక్కు వ్యాపారం ఆర్సెలర్ మిట్టల్ - నిప్పన్ స్టీల్ చేతికి వెళ్లింది. అదే సంస్థ అనకాపల్లి జిల్లా నక్కపల్లి వద్ద ఉక్కు కర్మాగారం తలపెట్టింది. ఎన్.ఎం.డి.సి. కూడా బచేలీ నుంచి నగర్నార్‌కు గొట్టం మార్గం చేపట్టింది. అంటే బండి మీద, రైలు మీద పోయే ఖనిజం రానురాను నీటి మీద పోతుందన్నమాట.

దీనితో గోదావరి నీరు తరిగిపోతుందా అన్న అనుమానం సహజం. లెక్క కడదాం. గొట్టంలో పోయే రొంపిలో బరువు ప్రకారం 65 పాళ్లు ఖనిజం, 35 పాళ్లు నీరు అనుకుంటే, 80 లక్షల టన్నుల ఖనిజంతో సుమారు 43 లక్షల టన్నుల నీరు విశాఖకు పోతుంది. ఇది ఒక టీఎంసీలో ఆరో వంతు కూడా లేదు. వరి పొలం లెక్కన సుమారు వెయ్యి ఎకరాల నీరు. ఏటా వేల టీఎంసీలు సముద్రం పాలయ్యే గోదావరికి ఇది పెద్ద లోటు కాదు. ఎండాకాలంలో, కొండవాగుల దగ్గర బతికే పల్లెలకు మాత్రం ఇదే లెక్క వేరుగా ఉంటుంది.

రవ్వ పిండినట్టు పిండి పిండగలమా?

గొట్టంలో పోవాలంటే ఖనిజాన్ని పిండి కంటె మెత్తగా విసరాలి. అందులో చాలా భాగం 45 మైక్రాన్ల లోపు ఉంటుంది. మనిషి తల వెంట్రుక మందంలో ఇది ఇంచుమించు సగం. విశాఖలో దిగాక నీరు తీయడం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

ఇడ్లీ రవ్వను నానబెట్టి గుప్పిట్లో పిండితే నీరు జారిపోతుంది. రుబ్బిన మినప్పిండిని గుడ్డలో కట్టి ఎంత నొక్కినా నీరు రాదు. రెంటిలోనూ ఉన్నది నీరే. కాని రవ్వ పలుకుల మధ్య సందులు పెద్దవి. పిండి రేణువుల మధ్య సందులు మరీ సన్నం. సందు ఎంత సన్నమైతే నీరు అంత గట్టిగా పట్టుకుంటుంది. దీపం వత్తి నూనెను పైకి పీల్చేది, సారవంతమైన నల్లరేగడి వాన వెలిసి వారమైనా తడి విడవనిది ఈ గుణం వల్లనే.

ఇంకొక చిక్కు ఉన్నది. నీటిలో తేలే మెత్తని రేణువులన్నీ సాధారణంగా ఒకే రకం విద్యుత్తును పులుముకుని ఉంటాయి. ఒకే జాతి విద్యుత్తు కనుక ఒకదానినొకటి నెట్టుకుంటాయి. దగ్గరకు చేరవు, చేరకపోతే బరువెక్కవు, బరువెక్కకపోతే అడుగుకు దిగవు. వరద నీరు రోజుల తరబడి బిందెలో తేరకపోవడానికి కారణం ఇదే. పటికలోని అల్యూమినియం ఈ విద్యుత్తును చంపుతుంది. అప్పుడు రేణువులు ఒకదానికొకటి అంటుకుని పొరకలుగా దిగుతాయి. చిల్లగింజలోని జిగురు రేణువులను కలిపి కట్టే దారంలా పనిచేస్తుంది.

ఖనిజం ఫ్యాక్టరీలో పటిక, సున్నం కూడా వాడతారు గాని అక్కడ అసలు ఆధారం పాలీ ఎక్రిలమైడ్ అనే పొడి. తెల్లగా పంచదారలా ఉండి నీటిలో వేస్తే సగ్గుబియ్యం జావలా సాగుతుంది. దాని అణువు చాలా పొడవైన గొలుసు. ఒక్క గొలుసు వందల రేణువులను పట్టి గుత్తులుగా కడుతుంది. టన్ను ఖనిజానికి కొన్ని పదుల గ్రాములు చాలు. విశాలమైన గుండ్రని తొట్టెలో ఈ మందు కలిసిన రొంపి నెమ్మదిగా తిరుగుతుంటే గుత్తులు అడుగుకు దిగుతాయి. తేటనీరు అంచులమీదుగా పొర్లి మళ్లీ వాడకానికి పోతుంది.

ఇంతవరకు మందు మేలే చేసింది. తరువాతి మెట్టులో అదే మందు అడ్డుపడుతుంది. అడుగున చిక్కబడిన రొంపిని వడపోత గుడ్డల మీదికి పంపి గాలి లాగో, ఒత్తిడి పెట్టో పిండుతారు. గుత్తులు మరీ పెద్దవైతే నీరు వేగంగా కారుతుంది గాని ప్రతి గుత్తి కడుపులోను కొంత నీరు చిక్కుకుపోతుంది. వడపోత తొందరగా అవుతుంది, అచ్చు మాత్రం తడిగా వస్తుంది. మందు తక్కువైతే మెత్తని పొడి గుడ్డ రంధ్రాలను పూడుస్తుంది. అందుకని తొట్టెకు సరిపడిన మోతాదు వడపోతకు సరిపడదు. రెంటికీ వేరువేరుగా, ఏ గనిలోని మట్టికి ఆ మట్టి చూసుకుని, పరీక్షించి కలపవలసి ఉంటుంది. ఒక గనిలో కుదిరిన మోతాదును పక్క గనికి అంటగట్టి నష్టపోవడం ఈ పరిశ్రమలో కొత్త కాదు. ఖనిజంలో బంకమట్టి పాలు ఎక్కువైతే ఎంత మంచి మందయినా సగం పని మాత్రమే చేస్తుంది.

వడపోతకు వాడే మందు వేరే జాతిది. అది సబ్బు జాతి. షాంపూలో నురగ తెప్పించే సోడియం లారిల్ సల్ఫేటు వంటివి. చాకలి సబ్బు బట్టలోని జిడ్డును విడిపించినట్టే ఇవి సన్న సందుల్లో నీటి పట్టును సడలిస్తాయి. కొన్ని ఖనిజ రేణువు మీద పొరలా పరచుకుని తామరాకు మీద నీటిబొట్టు నిలవనట్టు చేస్తాయి. టన్నుకు కొన్ని వందల గ్రాములు వేస్తే అచ్చులోని తడి ఒకటి రెండు శాతం తగ్గవచ్చు.

ఒక్క శాతానికి ఇంత హంగామానా?

ఏడాదికి 80 లక్షల టన్నుల మీద ఒక్క శాతం అంటే 80 వేల టన్నుల నీరు. రైలు వ్యాగనుకు 60 టన్నుల చొప్పున 1,300 పైచిలుకు వ్యాగన్లు నీళ్లు మోసినట్టు. ఆ నీటిని కాల్చి ఆవిరి చేయాలంటే, నష్టాలేమీ లేవనుకున్నా ఎనిమిది వేల టన్నులకు తక్కువ కాకుండా బొగ్గు కావాలి. ఉండలు చుట్టే యంత్రానికి తడి తొమ్మిది శాతం దరిదాపుల్లో ఉండాలి. ఎక్కువైతే ఉండకు బదులు ముద్ద అవుతుంది. పూతరేకుల పిండి జారుకూ, గారెల పిండి గట్టిదనానికీ ఉన్న తేడా ఎరిగిన ఆత్రేయపురం ఇల్లాలికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

తడి పొడి లెక్క తప్పితే డబ్బుతో పోయే నష్టమే కాదు. 2009లో వానాకాలంలో ఇనుప పొడి ఎత్తుకుని మన దేశం నుంచి బయలుదేరిన రెండు ఓడలు మునిగాయి. జూలైలో మంగుళూరు దగ్గర ఏషియన్ ఫారెస్ట్, సెప్టెంబరులో పారదీప్ దగ్గర బ్లాక్ రోజ్. ఓడలో గట్టిగా కుప్పపోసినట్టు కనిపించే తడి పొడి అలల కుదుపుకూ యంత్రాల అదురుకూ ఒక్కసారిగా జావయి ఒక పక్కకు ఒరుగుతుంది. దానితోపాటు ఓడా ఒరుగుతుంది. ఆ తరువాత ప్రపంచ నౌకాయాన నిబంధనలలో ఇనుప పొడికి ప్రత్యేకంగా తడి హద్దు పెట్టారు. హద్దు మించితే ఓడ ఎక్కించరాదు.

చెరువులో నిలవ ఉన్న బురద

పోతే, అమ్ముకునే పొడి సంగతి ఇలా ఉండగా, అమ్ముడుపోని బురద మాటేమిటి? ఇనుము తక్కువ, మట్టి ఎక్కువ ఉన్న రొంపిని గనుల వద్ద కట్టలు వేసి చెరువుల్లో నిలవ చేస్తారు. కర్ణాటకలోని కుద్రేముఖ్‌లో ఇందుకోసం లక్యా వాగుకు అడ్డంగా పెద్ద కట్ట కట్టారు. అక్కడి గని సుప్రీంకోర్టు ఆదేశంతో 2005 చివర మూతపడింది. కట్ట, దాని వెనుక బురద మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. నీరు తీయని బురద ఏళ్లు గడిచినా గట్టిపడదు. పైన ఎండి పర్రెలు కట్టినా లోపల జావగానే ఉంటుంది.

బ్రెజిల్ దేశంలో ఇది ఎంతపని చేసిందో లోకమంతా చూసింది. 2015 నవంబరు 5న మరియానా పట్టణం దగ్గర ఇనుప గని బురద కట్ట తెగి 19 మంది చనిపోయారు. బురద దోసీ నదిలో పడి 600 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి రెండు వారాలు దాటాక అట్లాంటిక్ సముద్రంలో కలిసింది. గని పేరు కూడా సరిగా వినని సముద్రతీరపు బెస్తవారు వలలు కట్టిపెట్టవలసి వచ్చింది. దారి పొడుగునా పట్టణాలకు మంచినీరు ఆగింది. 2019 జనవరి 25న బ్రుమాదిన్యో వద్ద ఇంకొక కట్ట తెగి 270 మంది మరణించారు. ఓడలరేవులోనో అంతర్వేదిలోనో ఉండి ఈ కథ చదివేవారికి నది పేరు మార్చుకుంటే చాలు.

గోదావరి మీద ఇటువంటిది జరుగుతుందని ఎవరూ అనడం లేదు. బైలడిల్లాకూ డెల్టాకూ నడుమ ఎంతో దూరం, పోలవరం కట్టడం ఉన్నాయి. వచ్చిన మెత్తని మట్టిలో చాలా భాగం జలాశయంలోనే కూర్చుంటుంది. కాని బ్రెజిల్ ప్రమాదాల తరువాత గనుల వారందరూ ఒక మాటకు వచ్చారు. బురదను నీటితో నిలవ చేయడం కంటె, నీరు పిండి అచ్చుగా చేసి మట్టి కుప్పలా పేర్చడం క్షేమం. దానికి గుత్తులు కట్టే మందులు, వడపోత మందులు తప్పనిసరి. మందులు వాడకూడదని పట్టుబట్టేవారు ఈ సంగతి గమనించాలి. మందు మానితే మిగిలేది తడి బురద చెరువు. దిగువ ప్రాంతాల వారికి మందు కంటె ఆ చెరువు వెయ్యి రెట్లు చేటు.

తేటనీరంతా మంచినీరు కాదు

అయితే మందులన్నీ మంచివని చేతులు కట్టుకు కూర్చోవడం కూడా కాదు. పాలీ ఎక్రిలమైడ్ మనుషులకు పెద్దగా హాని చేసేది కాదు. మంచినీటి పథకాల్లో కూడా కొద్ది మోతాదులో దీనిని వాడే దేశాలున్నాయి. దానిని తయారుచేసేటప్పుడు గొలుసులో చేరకుండా మిగిలిపోయే ఎక్రిలమైడ్ మాత్రం నరాలకు విషం. 1994లో అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ దీనిని కేన్సరు కలిగించే అవకాశం ఎక్కువగా ఉన్నవాటి జాబితాలో చేర్చింది. తాగేనీటిలో లీటరుకు అర మైక్రోగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. నాసిరకం మందు కొంటే ఈ మిగులు ఎక్కువగా ఉంటుంది. కనుక మందు పేరు మాత్రమే అడిగితే చాలదు, ఏ రకం అన్నది కూడా అడగాలి.

చేపల చెరువులవారికి ఇంకొక సంగతి ముఖ్యం. ఈ మందుల్లో ధన విద్యుత్తు ఉన్న రకం, రుణ విద్యుత్తు ఉన్న రకం అని రెండున్నాయి. ధన రకం చేప మొప్పలకు అంటుకుని ఊపిరాడకుండా చేస్తుంది. ఖనిజాలకు ఎక్కువగా వాడేది రుణ రకం, దానితో చేపలకు ముప్పు తక్కువ. గుత్తులు కట్టే మందు చాలావరకు ఖనిజాన్ని అంటిపెట్టుకుని అచ్చులోనే పోతుంది. సబ్బు జాతి మందు అలా కాదు, అందులో కొంత నీటిలోనే మిగులుతుంది. ఆ నీరు ఫ్యాక్టరీలోనే తిరిగితే నురగ వచ్చి వారి పనికే ఇబ్బంది. వాగులోకి వదిలితే ఇబ్బంది వాగుది.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. చిల్లగింజ మట్టిని దింపుతుంది, ఉప్పును దింపదు. పటికా అంతే, పాలీ ఎక్రిలమైడూ అంతే. సముద్రపు పోటు నీటిని బిందెలో పోసి ఎంత పటిక తిప్పినా అది ఉప్పునీరే. ఎర్రగా ఉన్న నీటిని చూసి జంకే మనిషి అద్దంలా ఉన్న నీటిని చూసి నమ్ముతాడు. మోసం అక్కడే జరుగుతుంది.

ఇంటి దగ్గరి బురద గుంటలు

ఈ మాట కోనసీమలో మరింత గట్టిగా చెప్పవలసి వస్తున్నది. కృష్ణా - గోదావరి లోతుల్లో పీడనం ఎక్కువ. బావి తొలిచేటప్పుడు గ్యాసు తన్నుకు రాకుండా బరువైన బురద పోస్తారు. అందులో బెంటోనైట్ అనే బంకమట్టి, బరువు కోసం బెరైటీస్ పొడి కలుపుతారు. మంగంపేట గనులు బెరైటీస్‌కు ప్రపంచ ప్రసిద్ధి పొందినవి. ఆ బరువు చాలకనో, మరే కారణం చేతనో బావి అదుపు తప్పితే ఏమవుతుందో 1995 జనవరి 8న పాశర్లపూడిలో చూశారు. ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది.

మంట దూరాన ఉన్నవారికీ కనిపించింది. రిగ్గు వెళ్లిపోయాక మిగిలే గుంటను పక్క చేను రైతు తప్ప వేరెవరూ చూడరు. బెంటోనైట్ బురద తనంత తాను ఎండదు, నీటిని గట్టిగా పట్టుకుని నెలల తరబడి జిడ్డుగా ఉంటుంది. దానిలో పటికో సున్నమో వేసి విరగ్గొట్టి, పాలీ ఎక్రిలమైడ్‌తో గుత్తులు కట్టించి, గిర్రున తిరిగే యంత్రంలో వేసి మట్టి ఒకవైపు, నీరు ఒకవైపు తీసే పద్ధతి చమురు పరిశ్రమలో ఉన్నది. ఖనిజానికి చేసే వైద్యమే ఇది. మట్టి పొడిగా వస్తే తరలించడం తేలిక, గుంట పొంగదు, వానకు పొలం మీద పడదు. నీరు కూడా తేటగానే వస్తుంది. కాని తొలిచే బురదలో పొటాషియం క్లోరైడు వంటి ఉప్పు కలిపి ఉంటే అది ఆ తేటనీటిలోనే ఉంటుంది. కొబ్బరి చెట్టు కొంత ఉప్పు ఓర్చుకుంటుంది. వరి నారు ఓర్చుకోదు. దాళ్వాలో కాలువ వంతులు వచ్చి నీరు పలచబడినప్పుడు అటువంటి నీరు బోదెలో కలిస్తే ఆకుమడి మాడిపోయాకగాని రైతుకు తెలియదు.

దీనికి నిబంధనలు లేకపోలేదు. 2005 ఆగస్టు 30న కేంద్ర పర్యావరణ శాఖ విడుదల చేసిన ఉత్తర్వు ప్రకారం, నేల మీది బావుల నుంచి వచ్చిన రాతిపొడిని కడగాలి. పనికిరాని బురదను నీరు ఇంకని పొర పరచిన గుంటలోనే వేయాలి. ఊట నీరు పట్టే ఏర్పాటు ఉండాలి. గుంట నిండాక పైన కూడా పొర కప్పి, దాని మీద ఆ ఊరి మట్టినే దళసరిగా పోసి వాలు తీయాలి. గుంట పూడ్చేటప్పుడు పంచాయతీ పెద్దలు నిలబడి చూస్తే ఈ నాలుగూ జరిగాయో లేదో కంటికే తెలుస్తుంది, దీనికి ఇంజనీరు అక్కరలేదు.

కంటికి తెలియనిది నీటిలోని ఉప్పు. దానికి మాత్రం పరీక్ష కావాలి. క్లోరైడు పరీక్ష, నీటిలో కరిగిన లవణాల పరీక్ష ఖరీదైనవేమీ కావు. భూసార పరీక్ష కేంద్రాలకు మట్టి, నీరు పట్టుకెళ్లడం కోనసీమ రైతుకు కొత్త కాదు. అయితే రిగ్గు రాకముందు ఒకసారి, వెళ్లాక ఒకసారి పరీక్ష చేయించిన కాగితం దగ్గర ఉంటేనే మాటకు బలం. ముందు కాగితం లేకపోతే, ఆ ఉప్పు సముద్రానిదో రిగ్గుదో తేల్చడం ఎవరి తరమూ కాదు. రాజోలు, సఖినేటిపల్లి వైపు భూగర్భ జలం సహజంగానే ఉప్పు కనుక ఈ వాదం తప్పకుండా వస్తుంది. వాడిన మందుల పేర్లు, వాటి రక్షణ పత్రాలు, రోజువారీ మోతాదు పుస్తకం చూపమని కూడా అడగవచ్చు. మందు అమ్మిన కంపెనీ ప్రతి డబ్బాతోను ఆ పత్రం ఇస్తుంది. దానిలో చేపలకు హాని ఎంతన్నది కూడా రాసి ఉంటుంది.

అడిగే చోటు తరుగుతున్నది

అడగడానికి ఇదివరకు బహిరంగ విచారణ ఒక అవకాశంగా ఉండేది. 2006 నాటి పర్యావరణ ఉత్తర్వు ప్రకారం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించి, తెలుగులో సంగ్రహ నివేదిక పెట్టి, కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షతన ప్రజల మాట వినాలి. 2020 జనవరిలో కేంద్రం దీనిని సవరించింది. చమురు, గ్యాసు కోసం అన్వేషణగా తొలిచే బావులకు ఇక బహిరంగ విచారణ అక్కరలేదు. ఉత్పత్తి బావులకు మాత్రం నిబంధన అలాగే ఉన్నది. రైతు కంటికి రెండు బావులూ ఒకటే. బురద ఒకటే, గుంట ఒకటే. అన్వేషణకు విచారణ ఎందుకు అనవసరమో ఆ గుంట పక్కన వరి వేసేవానికి నచ్చజెప్పడం కష్టం.

ఎగువ గనుల విచారణలు దంతెవాడలో జరుగుతాయి. ప్రాజెక్టు ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లాలోనే విచారణ అన్నది ఉత్తర్వు. గోదావరి చివరి కాలువ మీద ఆధారపడినవాడు అక్కడికి పోయి మాట్లాడేందుకు దారి లేదు. రాతపూర్వకంగా అభ్యంతరాలు పంపే వీలు మాత్రం ఉన్నది. ప్రకటన వెలువడిన 30 రోజుల్లో ఛత్తీస్‌గఢ్ కాలుష్య నియంత్రణ మండలికి చేరేటట్టు పంపాలి. కిందటి సార్వాలో ఏ తేదీన కాలువకు నీరు వదిలారో చెప్పగల నీటి సంఘాల పెద్దలకు ఆ చిరునామా కూడా తెలిసి ఉండటం అవసరం.